పాత ఇల్లు విప్పే ముందు



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని మనం అంటాం. మన పక్కింటి తమిళులు కూడా అచ్చంగా ఇదే మాట వాళ్ళ భాషలో అంటారు. రెండు చెవులా ఈ సామెత విని పెరిగినవాళ్ళం మనం. ఈ మధ్య మన సంఘంలో పెళ్ళి కబుర్ల కన్నా ఇళ్ళ కబుర్లే ఎక్కువగా ఉన్నాయి. కోవిల్‌పట్టి, శాత్తూరు, రాజపాళయం, తేని పక్క పల్లెల్లో పాత ఇళ్ళు విప్పుతున్నారు. చెన్నైలో, బెంగుళూరులో ఉద్యోగాలు చేసే పిల్లలు డబ్బు పంపుతారు. ఇంజనీరు ఫోనులో పది ఎలివేషన్లు చూపిస్తాడు. అందులో ఒకటి ఎంచుకొంటారు. ఆరేడు నెలల తర్వాత గృహప్రవేశానికి పోయి చూస్తే ఇల్లు బాగానే ఉంటుంది, మెరుస్తూ ఉంటుంది. పక్క వీధిలో ఇంకొకరి ఇల్లు కూడా అట్లాగే ఉంటుంది. బోర్డు లేకపోతే ఏది ఎవరిదో కనుక్కోలేం.

కొత్త ఇల్లు కట్టుకోవద్దని చెప్పేదానికి ఇది రాయడం లేదు. ఎత్తు గడప దాటేటప్పుడు మోకాలు పట్టుకొనే వయసు మాది కూడా. రాత్రిపూట దొడ్డి దాకా నడిచి పోవాల్సిన ఇల్లు ఎంత అందంగా ఉన్నా అందులో ఉండమని మేము ఎవరికీ చెప్పం. కాని ఇంటిని మన ఇల్లు అని చెప్పుకొనేదానికి ఏం కావాలో మన పెద్దలకు బాగా తెలుసు. ఆ సంగతి కొంచెం చరిత్రతో కలిపి చెప్పుకొందాం.

ముందు ఒక మాట. తెలుగులో వంశం పేరును ఏమంటాం? ఇంటిపేరు అంటాం. కులం పేరు కాదు, తండ్రి పేరు కాదు, ఇంటి పేరు. చాలా ఇంటిపేర్లు ఏదో ఒక ఊరి పేరు మీద వచ్చినవే. మూడు, నాలుగు వందల ఏళ్ళ కింద వదిలి వచ్చిన ఊరు ఆ నాలుగు అక్షరాల్లో మిగిలింది. తమిళనాట ఆ పేరు మెల్లగా మరుగున పడింది. బడిలో చేర్చేటప్పుడు రిజిస్టర్‌లో ఉండేది ఒక్క ఇనిషియల్‌కు చోటు. అది తండ్రి పేరు మొదటి అక్షరానికే పోయింది. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహానాడు కులపు బిరుదులు వదిలెయ్యాలని తీర్మానం చేసింది. అది మంచి పనే, దాంతో మాకు పేచీ లేదు. కాని ఇంటిపేరు బిరుదు కాదు. అదీ ఇదీ ఒకటే అనుకొని మనవాళ్ళు చాలామంది రెండూ కలిపి వదిలేశారు. ఇప్పుడు మన ఇంటిపేరు పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు ఒకసారి బయటికి వస్తుంది, మళ్ళీ లోపలికి పోతుంది. పదేళ్ళ పిల్లవాణ్ణి నీ ఇంటిపేరేమిటి నాయనా అని అడిగి చూడండి. ఇంటి నంబరు చెప్తాడు.

ఇల్లూ, ఇంటివాళ్ళూ ఒకటే అన్న ఈ సంగతిని మనకన్నా బాగా రాసిన మనిషి కి. రాజనారాయణన్ గారు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైశెవల్‌లో 1923లో పుట్టిన తెలుగింటి బిడ్డ. రాసింది తమిళంలో. తెలుగు కుటుంబాలు నల్లరేగడి అడవికి వచ్చి నేల చదును చేసుకొని ఊరు కట్టుకొన్న కథను ఆయన గోపల్ల గ్రామం నవలలో చెప్పారు. దాని తర్వాతి నవల గోపల్లపురత్తు మక్కళ్‌కు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆ కథలో పెద్ద కుటుంబాన్ని ఊరంతా వాళ్ళ ఇంటి పేరుతోనే గుర్తు పెట్టుకొంటుంది. మా పల్లెల్లో ఇప్పటికీ అంతే. మెట్టింటివాళ్ళు, మేడింటివాళ్ళు, బావింటివాళ్ళు అంటాం. మేడ కూలి యాభై ఏళ్ళయినా వాళ్ళు మేడింటివాళ్ళే.

ఇక ఇంటిని తన మనసుకు తగ్గట్టు కట్టుకొన్న పెద్ద మనిషి సంగతి. మధురైలో తిరుమల నాయకుడి మహల్ చూడనివాళ్ళు మనలో తక్కువ. 1623 నుంచి 1659 దాకా ఏలిన తెలుగు రాజు, 1636లో కట్టించాడని చెప్తారు. కమానులు తురకల కట్టడం తీరులో ఉంటాయి, గార బొమ్మలు మన గుడి గోపురాల తీరులో ఉంటాయి.  సున్నాన్ని నూరి నూరి పూసి పాలరాయిలాగా మెరిపించారు. ఇది ఏ దేశపు ఎలివేషన్ అని ఎవరైనా అడిగితే జవాబు లేదు. ఆయనకు నచ్చినవన్నీ తీసుకొన్నాడు, కలిపాడు, అది ఆయన ఇల్లయింది. కలపడంలో తప్పు లేదని మేము నమ్మేది ఇందుకే. ఆత్తంగుడి టైల్సు వేసుకొంటే అది చెట్టినాటు ఇల్లయిపోదు. మీకు నచ్చి వేసుకొంటే మీదే.

ఆ మహల్‌ను ఆయన మనవడు చొక్కనాథ నాయకుడు ఏం చేశాడో కూడా తెలుసుకోవాలి. రాజధానిని తిరుచిరాపల్లికి మార్చి, తాత కట్టిన ఇంటిని చాలా భాగం విప్పించి అక్కడికి తరలించాడు. అక్కడ దాంతో తాత మహల్ లాంటిది మళ్ళీ లేవలేదు. మధురైలో పావు వంతు మిగిలింది. 1866 నుంచి 1872 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న నేపియర్ దొర డబ్బు పెట్టించి ఆ మిగిలినదాన్ని నిలబెట్టాడు, తర్వాత చాలా కాలం జిల్లా కోర్టు అందులోనే నడిచింది. ఇప్పుడు మనం టికెట్ కొని చూసేది ఆ పావు వంతే. కట్టినవాడు మనవాడు, విప్పినవాడు మనవాడు, కాపాడినవాడు పరాయివాడు.

రాజుల సంగతి అట్లా ఉండనివ్వండి. మన నల్లరేగడి ఇళ్ళ దగ్గరికి వద్దాం. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత పగుళ్ళు విచ్చుతుంది. అందుకే మన పెద్దలు పునాదిని గట్టి నేల తగిలేదాకా తవ్వారు, గోడలు మూరెడు మందం పెట్టారు. ఇప్పుడు కొత్త ఇల్లు కట్టే పిల్లలు నాలుగు అడుగుల్లో పునాది ముగించి రెండో ఏడే గోడ పగిలిందని మేస్త్రీ మీద పడతారు. ఆ నేలకు కింద బల్బులాగా ఉబ్బెత్తు ఉండే పైల్ పునాదులు ఉన్నాయి. ఎలివేషన్‌కు పెట్టే ఖర్చులో కొంత తగ్గించి నేల కింద పెట్టండి. ఎవరికీ కనపడదు, కాని ఇల్లు నిలిచేది దాని మీదే.

ఆ ఇళ్ళ లోపలి అమరిక అంతా పని ప్రకారం. ముందు తిన్నె, దారిన పోయేవాళ్ళు కూర్చునేదానికి. తర్వాత వాకిలి, నడవ, పత్తి ఏరి కుప్ప పోసే పెద్ద గది. నట్టింట్లో గాదె. పెరట్లో పాతర, అంటే జొన్న, సజ్జ దాచే గొయ్యి. పక్కన ఎద్దుల కొట్టం. వంటింట్లో ఉట్టి, పైన అటక. గోడలో దీపం పెట్టే గూడు. ఇంటి యజమాని ఎట్లాంటివాడో తిన్నె చూస్తే తెలిసేది. వెడల్పు తిన్నె వేసినవాడి ఇంట్లో రాత్రి వచ్చినవాడికి కూడు దొరికేది. ఇంకొకడు తిన్నె మీద ఎవరూ పడుకోకుండా వాలుగా గార చేసేవాడు. ఊరు దాన్నీ చూసేది, వాడికి పేరూ పెట్టేది.

ఇక్కడ మాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఒకటి ఉంది. మాలాంటివాళ్ళు చదివింది తమిళ మీడియంలో. ఊళ్ళో తమిళం, బడిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషూ తమిళమూ. తెలుగు అక్షరాలు మాలో చాలామంది పదవీ విరమణ తర్వాతే కూడబలుక్కొన్నాం. మరి మాకు తెలుగు ఎక్కడ వచ్చింది? ఇంట్లో వచ్చింది. గాదె ఉంది కాబట్టి గాదె అన్న మాట వచ్చింది. అవ్వ గూట్లో దీపం పెట్టరా అంటే గూడు అన్న మాట వచ్చింది. గాదె పోతే ఆ మాట పోతుంది. పక్కన తమిళంలో కులుక్కై అన్న మాట ఉంది, కాని ఆ వస్తువు లేకపోతే పిల్లలకు అదీ రాదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అని సామెత చెప్తే పిల్లలు వాసం అంటే ఏమిటి తాతా అంటున్నారు. కాంక్రీట్ కప్పు కింద పుట్టినవాళ్ళకు వాసం ఎట్లా తెలుస్తుంది? ఇల్లు అలకగానే పండగ కాదంటే, అలకడం అంటే ఏమిటి అని అడుగుతారు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా అంటే ఉట్టి అంటే ఏమిటంటారు. ఆంధ్రలో ఉండే పిల్లలకు ఆ వస్తువులు పోయినా మాట పుస్తకంలో దొరుకుతుంది. మన పిల్లలకు ఇల్లే పుస్తకం. ఒక ఇల్లు విప్పితే మనకు పోయేది ఇటుకలూ కర్రలూ మాత్రమే కాదు.

కి.రా. గారు కరిసల్ నేల మాటలకు నిఘంటువు కూర్చారు. అది తమిళ మాటలకు. మన ఇంటి తెలుగు మాటలకు అట్లాంటిది మన సంఘం పూనుకొంటే బాగుంటుందని చాలా రోజులుగా అనుకొంటున్నాం.

సరే, ఇళ్ళు దేంతో కట్టారో కూడా చూద్దాం. అందులో మన చరిత్ర ఉంది. కాస్త కలిగినవాళ్ళ పాత ఇళ్ళ మీద ఉండేది మద్రాస్ టెర్రేస్ కప్పు. టేకు దూలాల మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలుగా పేర్చి సున్నంతో అతికిస్తారు. పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీట్ వేసి, బెల్లమూ కరక్కాయా నానిన నీళ్ళు చల్లుతూ ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క బాదులతో రోజుల తరబడి బాదేవాళ్ళు. ఆ టేకులో మంచిది బర్మా నుంచి ఓడల్లో వచ్చింది. ఈ కప్పు కారుతోందని వెంటనే విప్పించకండి. చాలాసార్లు పైన పలకల సందులు మాత్రమే విచ్చుకొని ఉంటాయి. దూలానికి చెద పట్టిందా, గోడలో కూరిన కొస పుచ్చిందా అని చూపించండి. కొస ఒక్కటే పుచ్చితే దాన్ని మార్చే వడ్రంగులు ఇంకా ఉన్నారు. ఇంకొకటి, పాత సున్నపు గోడ మీద సిమెంటు పూత వెయ్యకండి. సున్నం గోడ చెమ్మ పీల్చి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. రెండేళ్ళలో పెళ్ళలు పెళ్ళలుగా ఊడుతుంది. సున్నం గోడకు సున్నమే.

వంటింట్లో అలమర పలకలు, నీళ్ళ గట్టు, అన్నీ నల్లటి కడప రాయి. తమిళులు కడప్పా కల్ అంటారు. ఆ కడప ఒక ఊరని, తెలుగు సీమ అని చాలామందికి తోచదు. కడప అన్న పేరు గడప నుంచి వచ్చిందని, తిరుమల వెంకన్నకు అది గడప అని చెప్తారు. తెలుగు నేల ముక్క ఒకటి ఇక్కడ ప్రతి వంటింట్లోనూ ఉందన్నమాట. గ్రానైట్ వేసేటప్పుడు ఆ పలకలు బయట పారెయ్యకండి. నూరేళ్ళయినా వాటికి ఏమీ కాదు. తిన్నె మీద పరిచినా, పెరట్లో తులసికోట చుట్టూ పరిచినా బాగుంటాయి.

మా శాఖ సంగతి చెప్పకపోతే మాకు నిద్ర పట్టదు. మధురై నుంచి తూత్తుకుడికి 1876లో మీటర్ గేజ్ రైలు వచ్చింది. మన పత్తి ఆ బండిలోనే రేవుకు పోయింది, మనవాళ్ళ చేతికి కాస్త డబ్బు వచ్చింది, పెంకుటిళ్ళు టెర్రేస్ ఇళ్ళయ్యాయి. అరిగిపోయిన పాత పట్టాలను రైల్వే వేలం వేస్తుంది. గజానికి 50, 60 పౌన్లు తూగే ఆ పట్టాలను మనవాళ్ళు కొని తలుపుల మీద, కప్పు కింద దూలాలుగా వాడారు. మీ పాత ఇంట్లో ఇనుప దూలం ఉంటే దగ్గరికి పోయి తుడిచి చూడండి. పట్టా నడుము మీద ఎత్తు అక్షరాల్లో తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం ఉంటాయి. ఆ ఏడాదికి ముందు ఆ కప్పు వేసి ఉండరని లెక్క. ఇంటి వయసు చెప్పే రసీదు తల మీదే ఉంది. దాన్ని ఫాల్స్ సీలింగ్ కింద దాచెయ్యడం మాకు మనసొప్పదు. తుప్పు గీకించి, నల్ల రంగు వేసి, ఆ అక్షరాలు మాత్రం పైకి కనపడేటట్టు వదలండి.

ఉద్యోగ కాలమంతా మేము ఉన్నది రైల్వే క్వార్టర్సులో. ఒకే నక్షా, ఒకే పసుపు సున్నం, ఒకే పచ్చ తలుపు. వరసలో పన్నెండు ఇళ్ళుంటే తాగి వచ్చినవాడు పక్కింటి తలుపు కొట్టేవాడు. అయినా మనవాళ్ళ ఇల్లు దూరం నుంచే తెలిసేది. వాకిట్లో ముగ్గు తీరు వేరు, గడపకు పసుపు వేరు, తలుపు పక్కన ఆవకాయ జాడీ ఎండకు పెట్టిన చోటు వేరు. గోడలు సర్కారువి, ఇల్లు మనది. దానికి పైసా ఖర్చు లేదు.

నేతపనివాళ్ళ సంగతి ఇంకో తీరు. కాంచీపురంలో మన పద్మశాలీల, దేవాంగుల ఇళ్ళు చూడండి. మగ్గం ఉండే గది ఇంటికంతటికీ పెద్దది. ముందు మగ్గానికి చోటు, ఆ తర్వాతే మనుషులకు. గుంట మగ్గం అయితే నేలలోనే కాళ్ళకు గొయ్యి. పడుగు సాగదీసేది వీధిలో, కాబట్టి వీధి కూడా ఇంట్లో గదే. మగ్గం ఆపేసినవాళ్ళు ఆ గొయ్యి పూడ్చి టైల్సు వేసేస్తున్నారు. మేము చూసిన ఒక కుటుంబం మాత్రం గొయ్యిని పూడ్చలేదు. అంచు చుట్టూ కడప రాయి పరిచి, మందపాటి అద్దం పలక మూసి, లోపల పాత నాడె, పన్నె పెట్టి చిన్న దీపం వేశారు. ఇంటికి వచ్చిన ప్రతివాడూ వంగి చూస్తాడు, అడుగుతాడు. మనవరాలు చెప్తుంది, తెలుగులోనే చెప్తుంది, ఎందుకంటే నాడెకూ పన్నెకూ ఆ ఇంట్లో వేరే మాట లేదు. 1877లో మొదటి మిల్లు వచ్చిన సోలాపురంలో కూడా మన పద్మశాలీలు వేలల్లో ఉన్నారు. వాళ్ళ ఇళ్ళ సంగతి అక్కడి సభ్యులు రాస్తేనే బాగుంటుంది.

రాజపాళయం రాజుల గురించి ఒక్క మాట. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా, తర్వాత ఒడిశాకు గవర్నరుగా ఉన్న కుమారస్వామి రాజా గారు తన సొంత ఇంటినే గాంధీ కలై మన్రానికి ఇచ్చేశారు. ఆ ఇంటికి అంతకన్నా పెద్ద మరమ్మత్తు ఎవరు చెయ్యగలరు?

మన ఇళ్ళను ఎక్కువగా చెరిపింది కాలం కాదు, పంపకాలు. ముగ్గురు అన్నదమ్ములు ఇంటిని మూడు చేస్తారు. నడిముంగిలిలో అడ్డంగా గోడ లేస్తుంది. వెలుతురు ముగ్గురికీ పోతుంది. గాదె ఒకరి వాటాకు, దాని తలుపు ఇంకొకరి వాటాకు. వాకిలి తలుపు ఎవరిదో తేలక, అమ్మి డబ్బు పంచుకొంటారు. ఆ తలుపులు కారైకుడి పాత సామాన్ల అంగళ్ళకు చేరతాయి. మాకు బాగా తెలిసిన ఒక పల్లెలో అన్న తన వాటా తలుపును పాతికేళ్ళ కింద కారుచవకగా అమ్మాడు. ఈ మధ్య ఆయన కొడుకు కొత్త ఇల్లు కట్టి, పాత కాలపు అందం కావాలని కారైకుడి పోయి లక్ష దాటిన ధరకు ఎవరిదో తలుపు కొని తెచ్చి బిగించాడు. బాగుంది, కాదనం. పూర్ణకుంభం చెక్కి ఉంది. కాని దాన్ని తడిమిన చేతులు ఎవరివి? ఆ గడపకు పసుపు రాసిన కోడళ్ళు ఎవరు?

అందుకే మా మనవి చిన్నది. విప్పక తప్పదంటే విప్పండి. ముందు రోజు మాత్రం ఇంట్లో అందరికన్నా పెద్దామెను కుర్చీలో కూర్చోబెట్టి గది గదికీ తీసుకొనిపోండి. ప్రతి మూలనూ ఏమంటారో ఆమెను అడిగి ఫోనులో రికార్డు చెయ్యండి. అక్కడ ఎవరు పుట్టారు, పెళ్ళికూతుర్ని ఎక్కడ కూర్చోబెట్టారు, కరువులో గాదె అడుగు ఎప్పుడు కనపడింది, అన్నీ అడగండి. టేపు పట్టుకొని కొలతలు రాసుకోండి, కాగితం మీద నక్షా గీయండి. ఇంట్లో ఇంజనీరింగు చదివే పిల్ల ఉంటే ఆ పిల్లకే ఈ పని అప్పగించండి. కొత్త ఇంట్లోకి ద్వారబంధం ఒక్కటైనా తీసుకొని పోండి. గడప ఎత్తయితే పక్కన వాలు చెయ్యండి, గడపను కొయ్యకండి. గాదె చెక్కలతో పుస్తకాల బీరువా చేయించినవాళ్ళు ఉన్నారు, బాగా కుదిరింది. దాన్ని ఇప్పటికీ గాదె అనే పిలుస్తున్నారు. గోడకు ఒక గూడు వదలమని మేస్త్రీకి చెప్తే అర గంట పని. గుమ్మం మీద దీపాల బోర్డు పెట్టి విల్లా పేరు రాయించే బదులు మీ ఇంటిపేరు రాయించండి. తెలుగులో ఒక వరస, తమిళంలో ఒక వరస. అడిగినవాళ్ళకు అది ఏ ఊరో చెప్పండి.

వచ్చే నెల సమావేశానికి పాత ఇంటి ఫోటో, పట్టా దూలం మీద సంవత్సరం, పెద్దామె చెప్పిన మాటలు, ఏది ఉంటే అది తీసుకొని రండి. దీపం పెట్టే చోటును మేము గూడు అంటాం. కొందరు దీపగూడు అంటారు, ఇంకొందరు తమిళంలోలాగా మాడం అనేస్తారు. బరంపురం, సోలాపురం, బళ్ళారి, యానాం సభ్యులు మీ ఇళ్ళలో ఏమంటారో కింద రాయండి. నోటుపుస్తకంలో ఒక పేజీ ఆ మాటకే వదిలిపెట్టాం.